పుట్టింటికి పోయింది

చదివే అలవాటు ఎలా వస్తుందని నన్ను అడిగేవాళ్ళకి ఈమధ్య కొదవ లేదు. బరంపురంలో ఆడపిల్లల బడిలో చాలా ఏళ్ళు ఒడియా చెప్పాను. ఇంట్లో రెండు బీరువాల నిండా తెలుగు పుస్తకాలున్నాయి. అందుచేత నాకేదో మందు తెలుసని వాళ్ళ నమ్మకం. మా వీధిలో ఒకామె కొడుకుని రెక్కపట్టుకుని లాక్కొచ్చి, "టీచరమ్మా, వీడికి పుస్తకాలంటే ఇష్టం కలిగించండి" అంది, జ్వరానికి సూది వెయ్యమన్నట్టు. ఇష్టం కలిగించడం నా వల్ల కాదమ్మా, ముందు మీరేం చదువుతున్నారో చెప్పండి అన్నాను. ఆమె మళ్ళీ రాలేదు. మంచిదే అయింది.

మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికో ఇష్టం కలిగి రాలేదు. కోపం వచ్చి వచ్చింది. ఆ కోపం మా నాన్నమ్మది.

మాది చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం. ముందు కొట్టు, దాని వెనక ఒకదాని తర్వాత ఒకటిగా గదులు, చివర పెరడు. బరంపురంలో పాత ఇళ్ళన్నీ అంతే, వెడల్పు తక్కువ, పొడుగు జాస్తి. కొట్లోంచి పెరట్లో ఉన్న మనిషిని పిలవాలంటే మధ్యలో ఇంకొకరు ఆ కేకని అందుకోవాలి. తాత, నాన్న కొట్టు చూసుకునేవారు. ఇంటి లోపల నాన్నమ్మ, అమ్మ, నేను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొట్లో రెండూ కలిపి. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో మాట్లాడేటప్పుడు మాకు తెలిసేది కాదు. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బాగా తెలిసేది. ఒడియా దేశంలో ఉండి ఒడియా రాకపోతే ఎలాగని నాన్నని ఒడియా బడిలో వేశారు, తర్వాత నన్నూ వేశారు. అలా తెలుగువాళ్ళమై ఉండి తండ్రీకూతుళ్ళకి తెలుగు అక్షరం రాదు. తాతకి అంకెలు, సంతకం వచ్చు. నాన్నమ్మ చికిటి దగ్గర పల్లెలో రైతుల ఇంట పుట్టింది. అక్కడ ఆడపిల్లకి కలుపు తీతే ఓనమాలు. ఇంటి మొత్తానికి తెలుగు చదవగలిగింది మా అమ్మ ఒక్కతే. ఇచ్ఛాపురం నుంచి కోడలిగా వచ్చింది, అక్కడ అయిదో తరగతి దాకా చదువుకుంది.

నాన్నమ్మకి ఒక్కతే కూతురు. ఆ మేనత్తని పొలసరలో ఇచ్చారు. నవ్వితే వీధి చివరకి వినబడేదని చెబుతారు. నాకు ఆ నవ్వు లీలగానే గుర్తు. ఆవిడ వస్తే అమ్మ కూడా నవ్వేది, అది మాత్రం బాగా గుర్తు. వదినామరదళ్ళు పెరట్లో గిన్నెలు తోముతూ ఎవరినో ఒకరిని వెక్కిరించకుండా ఉండేవారు కారు.

నేను చిన్న తరగతుల్లో ఉండగా నాన్నమ్మ కంటికి పొర కమ్మితే పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించారు. ఆరోజుల్లో అది ఇప్పట్లా పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చే పని కాదు. రెండు కళ్ళకీ కట్టు కట్టి ఇంటికి పంపారు. తల కదపకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా కంట నీరు రాకూడదు. మిరపకాయల ఇంట్లో తుమ్మకుండా ఉండడం ఎంత కష్టమో మిరపకాయల ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలుసు. తాత బస్తాలన్నీ వేరే చోటికి తరలించి, నాన్నమ్మ మంచం పెరటివైపు చివరి గదిలో వేయించాడు.

ఆ కట్టు ఉండగానే పొలసరలో మేనత్త పోయింది. పచ్చకామెర్లు. కబురు కొట్లోకి వచ్చింది. తాత, నాన్న కొట్లోనే మాట్లాడుకుని, నాన్నమ్మకి ఇప్పుడు చెప్పకూడదని తేల్చేశారు. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే కళ్ళు పోతాయి. నాన్న పొలసర వెళ్ళాడు. నాన్నమ్మకి అన్నం కలిపి తినిపించే పని అమ్మది. కాబట్టి అబద్ధం చెప్పే పని కూడా అమ్మదే అయింది. అమ్మ గొంతు వణకదని వాళ్ళకి నమ్మకమట. నాన్నమ్మ కట్టు వెనకనుంచి రోజూ అడిగేది, "పొలసరనుండి కబురేటైనా వచ్చిందేటే?" అమ్మ ముద్ద కలుపుతూ, "బాగానే ఉన్నారట అత్తయ్యా" అనేది. గొంతు నిజంగానే వణకలేదు. ఆ మగాళ్ళిద్దరూ పోయి చాలాకాలమైంది, వాళ్ళు నాకు కావలసినవాళ్ళే. అయినా ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు వచ్చాక, పొలసరలో కర్మలన్నీ అయిపోయాక చెప్పారు. నాన్నమ్మ ఏడవలేదు. ఏడవొద్దన్నారు కదా అన్నట్టు ఏడవలేదు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడనూ లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక కొట్టు తలుపులు దగ్గరికేసి మగవాళ్ళు ఒక కునుకు తీసేవారు. ఆ వేళలో ఆవిడ చివరి గదిలో గోడకి చేరబడి, ఆ లావుపాటి అద్దాల్లోంచి పెరట్లోకి చూస్తూ కూర్చునేది.

అమ్మ ఆవిడ ఎదురుగా కూర్చుని ఒకరోజు వారపత్రిక తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ పత్రిక ఆంధ్ర నుంచి రైల్లో వచ్చేది. స్టేషను దగ్గర కొట్లో మా సరుకు మోసే మనిషి కొని తెచ్చేవాడు. అమ్మ అంతకుముందు దాన్ని వంటింట్లో తనలో తాను చదువుకునేది. వింటారా అని అత్తగారిని అడగలేదు, వినమని బతిమాలలేదు. తన మానాన తను పైకి చదువుకున్నట్టు చదివింది. కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం వంటింట్లో పనుండి అమ్మ చదవకుండా లేచింది. నాన్నమ్మ పెరటివైపే చూస్తూ, "తరవాతేటయింది?" అంది. అంతే. ఇంట్లోవాళ్ళకి చదువంటే ఇష్టం ఎలా కలిగించాలని అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఇదే. కానీ దీన్ని ఎవరూ సలహాగా తీసుకోరు.

అలా ధారావాహికలు వినడం మా మధ్యాహ్నాలకి అలవాటైపోయింది. ఒకటయ్యాక ఇంకొకటి. తర్వాత మొదలైన ఒక కథలో పోస్టుమాస్టరుగారి భార్య ఒకామె ఉండేది. మొగుడు మంచివాడు కాదు, అత్త అంతకన్నా కాదు, ఆమెకి ఎప్పుడూ దగ్గు. నాన్నమ్మ ఆ పిల్లని సొంత మనిషిలా చూసుకునేది. గురువారం పత్రిక వస్తుందంటే బుధవారంనాడే, "ఆ పిల్లకి దగ్గు తగ్గిందో నేదో" అనేది.

మా వెనక ఇంట్లో పట్టుచీరలు నేసేవాళ్ళు ఉండేవారు, వాళ్ళూ తెలుగువాళ్ళే. ఆ ఇంటావిడకీ చదువు రాదు. ఆవిడ కూతురు అదే పత్రిక ఎక్కడినుంచో అరువు తెచ్చి తల్లికి చదివి పెట్టేది. ఒక పొద్దున్న నాన్నమ్మ పెరట్లో మంచం మీద గుడ్డ పరిచి వడియాలు పెడుతోంది. నేను కాకుల్ని తోలుతున్నాను. గోడ అవతలనుంచి వెనకింటావిడ తల పైకెత్తింది.

"పాపం, పోయింది గదొదినా ఆ పోస్టుమాస్టరు పెళ్ళాం" అంది.

"పోయింది. పోక ఏటి సేస్తది" అంది నాన్నమ్మ. "ఆ ఇంట్లో దానికి సుకముందా."

"నాకైతే రెండ్రోజులు అన్నం సయించనేదు."

"దానికి అన్నం మానీడమెందుకే? మంచికే పోయింది. నాల్దినాలు సుకంగ ఉంటాది."

వెనకింటావిడ కాసేపు ఆలోచించింది. "అదీ నిజమేలే. ఆ మొగుడితో ఏగడం కంటే అదే నయం. ఆడు సూడు, అప్పుడే రెండో సంబందం ఎతుకుతన్నాడు."

నాన్నమ్మ చెయ్యి ఆగింది. "ఏటీ? పెళ్ళాం పుట్టింటికెల్లి నెల తిరగనేదు, అప్పుడే రెండో సంబందమా? దాని అన్నదమ్ములు ఆడి కాళ్ళిరగ్గొట్టరేటి?"

"పుట్టింటికేటొదినా" అంది వెనకింటావిడ, నాన్నమ్మకి మతిగాని పోయిందా అన్నట్టు చూస్తూ. "కాటికెల్తేను."

నాన్నమ్మ పిండి చేత్తోనే లోపలికి నడిచింది. అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది.

"పోస్టుమాస్టరు పెళ్ళాం ఎక్కడుంది?" అని అడిగింది నాన్నమ్మ.

"పుట్టింట్లో, అత్తయ్యా."

"సచ్చిపోనేదా?"

అమ్మ కత్తిపీట మీంచి కాలు తీసింది.

"మొన్న దాని పుట్టింట్లో పనసచెట్టు కాసిందని సదివినావు. దాని తమ్ముడు పొట్టేలుని కొన్నాడని, అది అందర్నీ కుమ్ముతందని సదివినావు. అయ్యన్నీ ఎవులు రాసినారు?"

"నేనే" అంది అమ్మ.

జరిగింది ఇది. పత్రికలో ఆ వారం చివరి వాక్యం, తెల్లవారేసరికి ఆమె పోయింది, అని ఉంది. అమ్మ కళ్ళు ఆ వాక్యాన్ని ముందే చూసేశాయి. ఎదురుగా సోడాబుడ్డి అద్దాలు. అమ్మ ఒక్క మాట మధ్యలో వేసి చదివేసింది, తెల్లవారేసరికి ఆమె పుట్టింటికి పోయింది, అని. మన భాషలో ఉన్న సదుపాయం అది. ఊరికి పోయినా పోవడమే, లోకంలోంచి పోయినా పోవడమే. ఆ ఒక్క మాటతో సరిపోతుందనుకుంది కానీ, అబద్ధానికి అన్నం పెట్టి పెంచాలి కదా. ప్రతి గురువారం ఆమెని పుట్టింట్లో కూర్చోబెట్టి ఏదో ఒకటి చేయించాల్సి వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ పొట్టేలు అసలు కథలో చాలావాటికంటే బాగుండేది.

నాన్నమ్మకి అది నవ్వులాట కాలేదు.

"నా కూతురు పోతే దాసినారు. కతలో పిల్ల పోయినా దాసినారు. ఇంకెన్ని దాసినారో నాకేటి తెలుసు" అంది. ఆవిడ గొంతు పెంచలేదు. "ఇంక నాకెవులూ సదివి పెట్టక్కర్నేదు. కాయితమ్మీద ఏటుందో నా కళ్ళతో నానే సూసుకుంతాను."

ఆరోజు మధ్యాహ్నం అమ్మ పత్రిక తీస్తే నాన్నమ్మ లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం నేను బడినుంచి రాగానే పిలిచింది.

"ఒలే, నువ్వు సదువుకుంతన్నావు గదా. నాకు అచ్చరాలు నేర్పు."

"నాకు ఒడియావే వచ్చు నాన్నమ్మా."

"అయితే తెలుగువి నేర్సుకొని నేర్పు. మీ అమ్మని మాత్రం నాను అడగను."

నాకు ఏడో తరగతి పరీక్షల కంటే అది పెద్ద గొడవైంది. పొద్దున్నే అమ్మ వంటింటి నేలమీద ముగ్గుపిండితో అక్షరాలు పెట్టేది. నేను దిద్ది, సాయంత్రం వాటినే పలక మీద రాసి నాన్నమ్మకి చూపించేదాన్ని. ఆ అక్షరాలు ఎక్కడినుంచి వస్తున్నాయో నాన్నమ్మకి తెలుసు. అత్తాకోడళ్ళు కావలసిన మాట తప్ప ఇంకోటి మాట్లాడుకునేవారు కారు. మధ్యలో నేను ముగ్గు పట్టుకుని తిరిగేదాన్ని.

తెలుగు అక్షరాలు త్వరగానే వచ్చాయి. ఒడియా నోరు మాత్రం పోలేదు. మనం అకారంతో పలికే అక్షరాన్ని ఒడియాలో ఒకారంతో పలుకుతారు. పలక అని కనబడితే నేను పొలొకొ అనేదాన్ని. కమల అంటే కొమొలొ. వకారం దగ్గర బకారం వచ్చేది. అమ్మ బచ్చింది అని ఒకసారి గట్టిగా చదివాను. నాన్నమ్మ పలక పక్కన పెట్టి, "ఇది తెలుగేనా? పూరీ గుడిలో పండాలాగ మాటాడతన్నావేటే" అంది.

ఇంకొకటి ఇంతకన్నా ఘోరం. ఒడియాలో ఏకారం ఒక్కటే ఉంటుంది, పొట్టి, పొడుగు అని రెండు ఉండవు. అమ్మ ఎంత చెప్పినా నా కంటికి ఆ రెండు గుర్తులూ ఒక్కలాగే కనిపించేవి. ఒకసారి ఒక కథలో, ఆమె నీరసంగా నేలమీద కూర్చుంది, అని ఉంటే, నెలమీద కూర్చుంది, అని చదివాను.

"నెలమీద కూకోడమేటి?" అంది నాన్నమ్మ. తర్వాత మొహం కాస్త విచ్చుకుంది. "ఎన్నో నెలే?"

గడపవతల చెరుగుతున్న చేట ఆపి అమ్మ నవ్వింది. నాన్నమ్మ ఆ నవ్వు విని మొహం మళ్ళీ బిగించేసుకుంది. ఆ తర్వాత మాత్రం ఎ, ఏ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నిలబడి చూసుకునేవాళ్ళం. నన్నడిగితే, నాన్నమ్మే నాకు తెలుగు నేర్పింది. నేను ఒక అక్షరం చెబితే, అది నోట్లో ఎలా పలకాలో ఆవిడ చెప్పేది. నాకు రాత, ఆవిడకి మాట. రెండూ కలిస్తే ఒక చదువుకున్న మనిషి అయ్యేది.

తాతకి ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "ఈ వొయసులో నీకు అచ్చరాలేటి? కళ్ళు పోతాయి" అనేవాడు. నాన్న డాక్టరునే అడిగి వచ్చాడు. వెలుతురులో కొంచెంసేపు చదివితే ఏమీ కాదని డాక్టరు చెప్పాడట. ఆ మాట తాత నమ్మలేదు. నాన్నమ్మకి డాక్టరు మాటతోనూ పనిలేదు, తాత మాటతోనూ పనిలేదు.

ఆవిడ సొంతంగా చదివిన మొదటి మాట గుంటూరు. మిరపకాయల బస్తా మీద నల్లరంగుతో కొట్టి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ బస్తాల పక్కనే తిరిగిన మనిషి, ఒకరోజు ఒక బస్తా ముందు నిలబడిపోయి, వేలు పెట్టి, "గుం... టూ... రు" అంది. తర్వాత ఒక్కసారిగా కలిపి అంది. తర్వాత పక్క బస్తా చూసింది. అక్కడా అదే. కొట్లో ఉన్న బస్తాలన్నీ చదివి వచ్చింది. ఒక్కటి కూడా తప్పుగా లేదని తాతకి చెప్పింది.

తర్వాత ఇంక ఆగలేదు. పకోడీ కట్టి ఇచ్చిన కాగితం నూనె వత్తి చదివేది. పండగకి వచ్చిన కేలండరు చదివేది. రిక్షాలో వెళ్తుంటే గోడలమీద సినిమా కాగితాలు చదివేది, రిక్షా ముందుకు పోతే మిగతా సగం ఏమిటని నన్ను అడిగేది. మందుసీసా మీద ఇంగ్లీషు ఉంటే చిరాకు పడేది. ఒడియా బోర్డు కనిపిస్తే, "అది నీది, నువ్వు సదువు" అని నాకు వదిలేసేది. పద్ధతి ఒక్కటే. ముందు అక్షరం అక్షరం విడగొట్టి చదవాలి, తర్వాత మాటగా ఇంకోసారి చదవాలి. ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పట్టేది. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఆవిడ ఒక పేరా దగ్గర ఉండగా నేను పత్రిక పెరట్లోకి పట్టుకుపోయి మిగతాది చదివేసేదాన్ని. నాకు చదివే అలవాటు అలా వచ్చింది. ముందేమవుతుందో తెలుసుకుని, తెలియనట్టు మొహం పెట్టి ఆవిడ పక్కన కూర్చోవడంలో ఒక దొంగ సంతోషం ఉండేది. ఆ మొహం చూసి, "సెప్పీకు, నానే సూసుకుంతాను" అనేది.

పోస్టుమాస్టరుగారి కథ పత్రికలో అయిపోయింది. అమ్మకి ఒక అలవాటుండేది. ధారావాహిక ఉన్న కాగితాలు ప్రతి వారం పత్రికలోంచి విడదీసి దాచి, కథ పూర్తయ్యాక దొంతి పెట్టి, బస్తాలు కుట్టే దబ్బనంతో, కొట్లో పురికొసతో కుట్టి, పాత కేలండరు అట్ట వేసేది. తెలుగు ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళు ఆరోజుల్లో పుస్తకాలు అలాగే సంపాదించారు. ఆ కథని కూడా అలాగే కుట్టింది. కుట్టి, ఒక మాటైనా అనకుండా నాన్నమ్మ తలగడ పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

నాన్నమ్మ దాన్ని మొదటినుంచీ పట్టుకుంది. చలికాలంలో మొదలుపెట్టింది. మామిడిపళ్ళు వచ్చి వెళ్ళాయి. తనకి ముందే తెలిసిన కథ అది, అయినా ఒక్క మాట వదలలేదు. ఏ మాటలు అచ్చులో ఉన్నవో, ఏ మాటలు అమ్మవో తేల్చుకుంటోందని నాకు తర్వాత అర్థమైంది. అప్పుడప్పుడు, "ఇది నిజంగానే ఉందిలే" అని తనలో అనుకునేది. ఆ పిల్ల పోయిన చోటు దగ్గరపడుతున్నకొద్దీ చదవడం నెమ్మదించింది. మధ్యాహ్నం అమ్మ కూడా అదే గదిలో గుమ్మం దగ్గర కూర్చుని ఏదో కుట్టుకుంటూ ఉండేది. ఎందుకు కూర్చుంటున్నావని నాన్నమ్మ అడగలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్నమ్మ పేజీ తిప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పింది. దగ్గుతున్న పిల్లని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత పేజీలో మొగుడు రెండో సంబంధం కోసం ఊళ్ళు తిరుగుతున్నాడు.

"ఇక్కడ కాయితాలు నేవు" అంది నాన్నమ్మ.

నాతో అనలేదు. పుస్తకం తెచ్చి అమ్మ ముందు నేలమీద పెట్టింది. చాలా నెలల తర్వాత ఆవిడ అమ్మ ఎదురుగా కూర్చోవడం అదే.

"తీసీసినావేటి?"

"కళ్ళకి మంచిది కాదని, అత్తయ్యా" అంది అమ్మ. "మీరు ఏడుస్తారని."

"ఉన్నాయా, పారీసినావా?"

"ఉన్నాయి."

"తే."

ఈ ఒక్కటీ అడక్కండి అత్తయ్యా అని అమ్మ మెల్లగా అంది. నాన్నమ్మ చెయ్యి చాపే ఉంచింది. అమ్మ లేచి పెట్టె తెరిచి, చీర మడతలోంచి ఆ కాగితాలు తీసి చేతిలో పెట్టింది. నేను వెలుతురు కోసం పెరటి తలుపు బార్లా తీశాను. బయట వాన సన్నగా పడుతోంది.

నాన్నమ్మ పైకి చదవడం మొదలుపెట్టింది, వేలు పెట్టి, విడగొట్టి, కలిపి. పక్కింటివాళ్ళు దీపం పట్టుకుని రావడం, డాక్టరు కోసం మనిషిని పంపడం, ఆ పిల్ల నీళ్ళడగడం. మేమిద్దరం సాయం చెయ్యలేదు. ఒత్తు దగ్గర తడబడితే తనే వెనక్కి వెళ్ళి సరిచేసుకుంది. చివరి వాక్యానికి వచ్చింది.

"తె... ల్ల... వా... రే... స... రి... కి. తెల్లవారేసరికి. ఆ... మె. ఆమె." వేలు ఆగింది. "పో... యిం... ది."

కలిపి చదవలేదు. వేలు వెనక్కి జరిపి ఆ వాక్యం మొదటినుంచీ మళ్ళీ చూసుకుంది. పుట్టింటికి అన్న మాట ఎక్కడా లేదని నిశ్చయం చేసుకుందనుకుంటాను. అప్పుడు కలిపి చదివింది, "పోయింది" అని.

కాగితం ఒళ్ళో పెట్టుకుంది. అద్దాల కింద నుంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. అమ్మ కంగారుగా ముందుకు వంగి, "అత్తయ్యా, కళ్ళు" అంది.

"కళ్ళేటి" అంది నాన్నమ్మ. అద్దాలు తీసి పక్కన పెట్టింది. "దాని మొకం సూడ్డానికి పనికిరాని కళ్ళు. ఈ ఒక్క మాట ఆరోజు సెప్పుంటే కట్టుతోనే ఎల్లుందును. కనపడకపోతే సేత్తో తడిమి సూసుకుందును."

అమ్మ తల దించుకుంది. వాళ్ళు చెప్పొద్దన్నారు అనలేదు. అనొచ్చు, నిజమే కాబట్టి. అనలేదు.

నాన్నమ్మ కాసేపు చీర చెంగుతో మొహం తుడుచుకుంది. అద్దాలు లేని కళ్ళకి మేము సరిగా కనిపించి ఉండం. చెయ్యి చాపి, వెతికి, అమ్మ భుజం పట్టుకుంది.

"నువ్వు నాకు ముద్దలు కలిపి పెడతా, బాగానే ఉన్నాదంటా కూకున్నావు. నువ్వూ ఏడవనేదు గదే అప్పుడు" అంది. "దాని సావుకి నువ్వు ఏడవనే నేదు. ఏడు."

మా అమ్మ ఏడవగా నేను అంతకుముందు చూడలేదు. చేతిలో గుడ్డ, సూది అలాగే పట్టుకుని, నోరు మూసుకోకుండా, చిన్నపిల్లలా పైకి ఏడ్చింది. కొట్లో తాత నిద్రలేచి ఏమైందని కేకేశాడు. మధ్యలో అందుకుని జవాబు చెప్పవలసినదాన్ని నేనే. మేనత్త పోయిందని చెప్పాను.